సెమినరీలో భూమి గురించి, కులం గురించి సభలెందుకు? సరిహద్దు జిల్లాల నుంచి ఒక వివరణ

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం... ఒడిశాలో మన తెలుగు క్రైస్తవ సంఘాలు ఉన్న ఏ ఊరెళ్ళినా ఒక ప్రశ్న వినిపిస్తూనే ఉంటుంది. పాస్టర్లని తయారుచేసే సెమినరీలో వాక్యం నేర్పాలి గానీ భూమి గురించి, కులం గురించి, మైనింగ్ గురించి, ఆడవాళ్ళ హక్కుల గురించి బయటవాళ్ళని పిలిచి బహిరంగ సభలు పెట్టడం ఏంటి అని. సంఘ పెద్దలు అడుగుతారు, ఉజ్జీవ సభలకి వెళ్ళొచ్చే కుర్రాళ్ళు అడుగుతారు, క్రైస్తవులు కానివాళ్ళు ఇంకోలా అడుగుతారు, ఇదంతా మతం మార్చడానికి ఒక దారి కదా అని. ఈ అనుమానాలన్నీ ఒకటి కావు, ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది, అన్నీ కలిపేసి వాదించుకోవడం వల్లే ఏదీ తేలట్లేదు. అందుకే విడివిడిగా చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ సభలు కావాలి, వేరే ఎక్కడికన్నా మన సరిహద్దు జిల్లాలకి ఎక్కువ కావాలి. ఎందుకంటే ఇక్కడ ఒకే మనిషి ఒక లెక్కలో అన్యాయం పడ్డవాడు, ఇంకో లెక్కలో అన్యాయం వల్ల బాగుపడ్డవాడు. ఆదివారం ప్రసంగంలో ఈ రెండూ ఒకేసారి ఎవరూ చెప్పరు, చెప్పడానికి అక్కడ వీలు కూడా ఉండదు.

సెమినరీ అంటే చాలామంది రెండు మూడు నెలల బైబిలు ట్రైనింగ్ అనుకుంటారు, అలా కాదు. డిగ్రీ చేసినవాళ్ళు మళ్ళీ నాలుగేళ్ళు చదివే కోర్సు ఉంటుంది, బి.డి. అంటారు, అందులో బైబిలుతో పాటు సంఘ చరిత్ర, వేరే మతాలు, సమాజం, కౌన్సెలింగ్ అన్నీ ఉంటాయి. ప్రొటెస్టెంట్ సెమినరీల్లో చాలావాటికి డిగ్రీలిచ్చేది సెరంపూర్ సెనేట్. బెంగాల్లో హుగ్లీ ఒడ్డున సెరంపూర్ ఊళ్ళో విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ కలిసి 1818లో పెట్టిన కాలేజీ అది, అప్పట్లో ఆ ఊరు డెన్మార్క్ చేతిలో ఉండేది కాబట్టి డెన్మార్క్ రాజు 1827లో డిగ్రీలిచ్చే అధికారం రాసిచ్చాడు. కులం గానీ రంగు గానీ దేశం గానీ ఇక్కడ చేరడానికి అడ్డు కాకూడదని ఆ కాలేజీ వాళ్ళు తమ నియమాల్లోనే రాసుకున్నారు, అంటే న్యాయం గొడవ సెమినరీలోకి నిన్న మొన్న ఎవరో తెచ్చి పెట్టింది కాదు. హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ, మన వైపు గోపాలపూర్‌లో ఒరిస్సా క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ, కోరాపుట్ జిల్లా కొటపాడ్‌లో లూథరన్ల జెన్సెన్ కాలేజీ, ఇవన్నీ ఆ రకం చదువు చెప్పే చోట్లే. జర్మనీలో బ్రెక్లుమ్ అనే చిన్న ఊరి మిషన్ నుంచి 1882లో ఇద్దరు మిషనరీలు వచ్చి ఈ కొండల్లో పని మొదలెట్టారు. సాలూరు, పార్వతీపురం, కోరాపుట్, జయపురం అన్నీ వాళ్ళకి ఒకే పొలిమేర, రాష్ట్రాల గీతలు తర్వాత వచ్చాయి, అందుకే ఇప్పటికీ ఆ సంఘాల్లో తెలుగు, ఒడియా, కోందుల భాష కువి మాట్లాడేవాళ్ళు కలిసి కనిపిస్తారు.

ఇప్పుడు సభ సంగతి. సంఘంలో ప్రసంగం ఒకవైపు నుంచే నడుస్తుంది, అయ్యగారు చెప్తారు, మనం వింటాం, మధ్యలో లేచి ప్రశ్న వేయం. క్లాసులో ప్రశ్నలుంటాయి గానీ అక్కడుండేది అందరూ ఒకే విశ్వాసం వాళ్ళు, రేపు ఒకే ఉద్యోగం చేయబోయేవాళ్ళు. బహిరంగ సభ ఈ రెండిటికీ వేరు. స్టేజి మీద లాయరు ఉండొచ్చు, భూమి పోయిన రైతు ఉండొచ్చు, పారిశుద్ధ్య పని చేసే ఆవిడ ఉండొచ్చు, వింటున్నవాళ్ళలో హిందువులు, ముస్లింలు, బౌద్ధులు, ఏ మతమూ లేనివాళ్ళు ఉండొచ్చు, ఎవరైనా లేచి మైకు అడగొచ్చు. నాలుగేళ్ళు చదివి బయటికెళ్ళిన కుర్రాడు ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు పులిపీఠం (చర్చిలో ప్రసంగ వేదిక) మీద నుంచి మాట్లాడతాడు, వినేవాళ్ళు ఎదురు చెప్పరు. తనకి తెలియని బతుకుల వాళ్ళు తన మొహం మీద ప్రశ్న వేసే అవకాశం ఆ నాలుగేళ్ళలో రాకపోతే మళ్ళీ రాదు.

బయటి దేశాల ఫ్యాషన్ అని కొందరంటారు. సగం నిజం ఉంది అందులో, కానీ తెలుగు నేల మీద కథ అంతకుముందే మొదలైంది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మనవాళ్ళు క్లౌ దొర అనే ఆయన, 1860ల చివర్లో ఒక పెద్ద ఇబ్బందిలో పడ్డాడు. పై కులాల వాళ్ళు ఆయన బడికి పిల్లల్ని పంపుతున్నారు, అదే సమయంలో ఎర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ విశ్వాసులు ఊళ్ళకి ఊళ్ళు కదిలిస్తున్నారు. వీళ్ళని చేర్చుకుంటే మేం రాం అని పై కులాల వాళ్ళు తేల్చేశారు. ఆయన, ఆయన భార్య విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం వచ్చిందనీ, లోకం లెక్కలో లేనివాళ్ళనే దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట అదనీ, దాంతో నిర్ణయం అయిపోయిందనీ క్లౌ దొర తనే చెప్పుకున్నాడు. పై కులాల పిల్లలు బడి మానేశారు. తర్వాత మాదిగ విశ్వాసులు జాతరల్లో డప్పు కొట్టం అన్నారు, ఆదివారం వెట్టి చేయం అన్నారు, కరణాలు మునసబులు కేసులు పెట్టించారు, బావుల దగ్గరికి రానివ్వలేదు. బాప్తిస్మం తీసుకోవడం అంటే అక్కడ ఊరి ఆర్థిక వ్యవస్థని కదిలించడమే అయింది. ఇందులో విశ్వాసం ఎక్కడ ఆగింది, న్యాయం ఎక్కడ మొదలైంది అని గీత గీయమంటే నాకు చేతకాదు.

ధాత కరువు వచ్చినప్పుడు, అంటే 1876 నుంచి 78 దాకా, క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతంలో కలిశారనే మాట రాకూడదని ఆ కరువు పని నడిచినన్నాళ్ళూ, పదిహేను నెలలు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అంతా అయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. సేవని, మతమార్పిడిని వేరుగా ఉంచాలా అనే ప్రశ్నకి నూట యాభై ఏళ్ళ కిందటే మన గడ్డ మీద ఒక మనిషి ఇచ్చిన జవాబు ఇది, ఇవాళ సభల మీద అనుమానం పడేవాళ్ళు కూడా దీన్ని తెలుసుకోవాలి.

ఇక బయటి నుంచి వచ్చిన ధారలు. అమెరికాలో వాల్టర్ రౌషెన్‌బుష్ అనే బాప్టిస్టు పాస్టరు న్యూయార్క్‌లో కూలీలుండే వాడలో పదేళ్ళకి పైగా పనిచేశాడు, పసిపిల్లల అంత్యక్రియలు చేసీ చేసీ విసిగి, ఒక్కో మనిషి పాపం గురించి మాట్లాడితే సరిపోదు, పిల్లల్ని చంపుతున్న పద్ధతుల్లో కూడా పాపం ఉంది అన్నాడు, తర్వాత రోచెస్టర్ సెమినరీలో అదే పాఠం చెప్పాడు. 1891లో కాథలిక్కుల పోపు 13వ లియో కార్మికుల కూలి గురించి, సంఘాలు పెట్టుకునే హక్కు గురించి ఒక పెద్ద లేఖ విడుదల చేశాడు. 1968లో కొలంబియా దేశం మెడెయిన్‌లో లాటిన్ అమెరికా బిషప్పులు కూడి పేదల పక్షం గురించి గట్టిగా మాట్లాడారు, పెరూ దేశపు ఫాదర్ గుస్తావో గుతియెర్రెస్ దాన్ని విమోచన వేదాంతంగా రాశాడు. న్యూయార్క్ యూనియన్ సెమినరీలో జేమ్స్ కోన్ నల్లజాతి వాళ్ళ అనుభవం నుంచి బైబిలు చదవడం నేర్పాడు.

మన దేశంలో దీనికి దళిత వేదాంతం అని పేరొచ్చింది. 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ అనే అధ్యాపకుడు ఒక ప్రసంగం చేశాడు, భారత క్రైస్తవ వేదాంతం ఇన్నాళ్ళూ పై కులాల నుంచి వచ్చినవాళ్ళ ఆలోచనల చుట్టూనే తిరిగింది, సంఘంలో మెజారిటీ దళితులు, వాళ్ళ బాధ నుంచి వేదాంతం ఎందుకు పుట్టలేదు అని. తర్వాత ఆయన చెన్నై గురుకుల్ లూథరన్ కాలేజీలో దళిత వేదాంత విభాగం నడిపాడు. అంటే సెమినరీలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగం నుంచి ఒక సబ్జెక్టే పుట్టుకొచ్చింది, సభల వల్ల ఏమొస్తుంది అనేవాళ్ళకి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఆ ప్రసంగానికి నాలుగేళ్ళకే 1985 జులై 17న కారంచేడు జరిగింది, ఆరుగురు మాదిగలని చంపేశారు, మిగిలినవాళ్ళు ఊరొదిలి చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులోనూ దళితుల్ని చంపేశారు. చర్చి గోడల లోపల శరణార్థులుంటే పులిపీఠం మీద ఏం మాట్లాడాలి? తెలుగు సెమినరీల్లో కులం గురించి మాట్లాడటం ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు.

ఇక్కడి నుంచి మన జిల్లాలకి వద్దాం, అసలు చిక్కు ఇక్కడే ఉంది.

గజపతి జిల్లాలోనో రాయగడ జిల్లాలోనో ఒక సంఘం ఊహించుకోండి. ఒకే బెంచీ మీద ఒక సవర విశ్వాసి, పక్కన ఒక తెలుగు మాల విశ్వాసి. ఇద్దరూ ఒకే పాస్టరు చేతి మీదుగా బాప్తిస్మం తీసుకున్నారు, ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకుంటారు. సవర ఆయనకి ఎస్టీ హోదా అలాగే ఉంటుంది, ఎందుకంటే తెగ హోదాకి మతంతో ముడి పెట్టలేదు. మాల ఆయనకి ఎస్సీ హోదా పోతుంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో హిందువు కానివాడు ఎస్సీ కాడని ఉంది, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, క్రైస్తవులు ముస్లింలు బయటే ఉన్నారు. హోదా పోతే రిజర్వేషన్ ఒక్కటే కాదు, అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టే దారి కూడా మూసుకుపోతుంది. వాడలో ఇల్లు అదే, ఊళ్ళో పిలిచే పేరు అదే, కులం పేరుతో తిట్టే నోరు కూడా అదే. చట్టం మాత్రం నువ్వు వేరు అంటుంది.

సుప్రీంకోర్టు ముందుకి 1985లో సూసై అనే చెప్పులు కుట్టుకునే ఆయన కేసు వచ్చింది. రోడ్డు పక్కన పనిచేసుకునే చర్మకారులకి ప్రభుత్వం ఇచ్చే బంకు క్రైస్తవుడని ఆయనకి ఇవ్వలేదు. మతం మారాక కూడా అంటరానితనం అదే తీవ్రతతో ఉందని రుజువులు కావాలి అంది కోర్టు. తర్వాత 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసేయమని చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. ఆంధ్రా, తెలంగాణాల్లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలని బి.సి. సి గ్రూపులో పెట్టి ఒక శాతం ఇచ్చారు, సరిహద్దు దాటి ఇటొచ్చిన కుటుంబానికి ఆ సర్టిఫికెట్టు ఇక్కడ పనిచేయదు. ఇవన్నీ ఏ ప్రసంగంలోనూ రావు. అందుకే చాలా ఇళ్ళలో కాగితాల మీద ఒక పేరు, సంఘం రిజిస్టరులో ఒక పేరు, పిల్లలకి ఏది చెప్పాలో తెలియక తల్లిదండ్రులు లోపల్లోపల నలిగిపోతుంటారు, దీన్ని అబద్ధం అని పులిపీఠం మీద నుంచి తిట్టడం చాలా తేలిక. సెమినరీ సభలో ఒక లాయరు నిలబడి ఉత్తర్వు చదివి వినిపిస్తే, ఆ తర్వాత ఒక తల్లి లేచి మాట్లాడితే, రేపటి పాస్టరు మళ్ళీ అంత తేలిగ్గా తిట్టలేడు.

మహారాష్ట్ర వైపు సరిహద్దులో ఉన్న మనవాళ్ళకి ఇది ఇంకోలా తెలుసు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్న అంబేద్కర్ రెండు రోజులకే, 16న, చంద్రాపూర్ వచ్చి అక్కడ జనానికి దీక్ష ఇచ్చారు. బల్లార్షా గనుల్లో, పేపర్ మిల్లులో పనిచేసే తెలుగు క్రైస్తవ కుటుంబాల పక్కిళ్ళలోనే ఆ దీక్ష తీసుకున్నవాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఉంటారు. వాళ్ళకి కేంద్రం ఎస్సీ హోదా రావడానికి 1990 దాకా పట్టింది. ఆ ముప్ఫై నాలుగేళ్ళు వాళ్ళెలా పోరాడారో క్రైస్తవులు కూర్చుని వినాల్సిన సంగతి, అది వినే చోటు సెమినరీ సభ అయితే ఎంత బాగుంటుంది!

న్యాయం గొడవ, విశ్వాసం గొడవ వేరు అనేవాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పేది నియమగిరి. ఇది మా రాయగడ జిల్లా సంగతి, కలహండి కూడా. కొండ మీద బాక్సైటు ఉంది, కింద లాంజిగఢ్‌లో రిఫైనరీ కట్టేశారు, కొండ తవ్వాలి. అక్కడి ఆదివాసీలైన డోంగ్రియా కోందులకి ఆ కొండే నియమ్‌రాజా, వాళ్ళ దేవుడు, వాగులు వంకలు పంటలు అన్నీ ఆయన ఇచ్చినవే. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, ఈ తవ్వకం వల్ల అక్కడి జనం మతహక్కులకి, సాంస్కృతిక హక్కులకి దెబ్బ తగులుతుందా లేదా అనేది గ్రామసభలే తేల్చాలి అంది. అటవీ హక్కుల చట్టం 2006 ఆధారంగా. ఆ జులై ఆగస్టుల్లో పన్నెండు ఊళ్ళలో, రాయగడ వైపు ఏడు, కలహండి వైపు అయిదు, జిల్లా జడ్జి పరిశీలకుడిగా కూర్చుని ఉండగా సభలు జరిగాయి, పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. ఒక జనం తమ దేవుడి గురించి పబ్లిగ్గా సాక్ష్యం చెప్పారు, దేశంలో పెద్ద కోర్టు అది విన్నది. విశ్వాసమూ న్యాయమూ కలిసిన బహిరంగ సభ అంటే నా దృష్టిలో ఇదే, అది ఏ సెమినరీలోనూ జరగలేదు, చెట్టు కింద జరిగింది.

ఇది క్రైస్తవ సెమినరీకి ఎందుకు అవసరం అంటే, కొండని దేవుడు అనేవాళ్ళ మాట మన వేదాంతంలో పట్టదు, కానీ వాళ్ళ నేల పోతే నోరు మూసుకుని ఉండటమూ మన వేదాంతానికి పట్టకూడదు. పక్కింటివాడి పూజ మనది కాకపోయినా వాడి పక్షాన నిలబడొచ్చా? ఈ ప్రశ్నకి పుస్తకంలో జవాబు దొరకదు. డోంగ్రియా మనిషిని పిలిచి, ఆయన భాషలో ఆయన్ని చెప్పనిచ్చి, విని, తర్వాత ఆలోచించాలి. దగ్గర్లోనే బిస్సంకటక్ క్రైస్తవ ఆసుపత్రి ఉంది, డెన్మార్క్ నుంచి వచ్చిన లిస్ మాడ్సన్ అనే డాక్టరమ్మ 1954లో మొదలెట్టింది, మలేరియాకి కాన్పులకి కొండల మీద నుంచి దిగొచ్చేవాళ్ళని ఏ దేవుడు అని అడక్కుండా చూస్తోంది. చేతల్లో జవాబు ఎప్పుడో ఇచ్చారు, మాటల్లో చెప్పుకోవడమే మనకి మిగిలింది.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి, మన తెలుగువాళ్ళ గురించి. ఒడిశాలో మనం భాషా మైనారిటీ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్ళినప్పటి నుంచి తెలుగు బడుల కోసం, తెలుగు టీచర్ల కోసం అడుగుతూనే ఉన్నాం, మాతృభాషలో ప్రాథమిక విద్య ఇవ్వాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెప్తుంది, అది అడగడం మన హక్కు. కానీ అదే మనం కొండల వైపు తిరిగితే మనమెవరం? రాయగడ, కోరాపుట్, మల్కనగిరి మొత్తంగా షెడ్యూల్డ్ ఏరియా. ఆదివాసీ భూమి ఆదివాసీ కానివాడి చేతికి పోకుండా 1956లోనే రెగ్యులేషన్ 2 తెచ్చారు, తర్వాత ఇంకా గట్టి చేశారు. ఎందుకు తేవాల్సొచ్చింది? అప్పిచ్చి, సారా పోసి, వడ్డీకి వడ్డీ కట్టి పొలాలు రాయించుకున్న షావుకార్లు ఉన్నారు కాబట్టి, వాళ్ళలో తెలుగు షావుకార్లూ ఉన్నారు. ఇప్పటికీ బినామీ పేర్ల మీద నడిచే పొలాలున్నాయి, సంత రోజున తూకంలో మోసం ఉంది. సంఘంలో పెద్ద కానుక వేసే మనిషికి ఆ డబ్బు ఎక్కడిది అని ఏ పాస్టరూ అడగడు.

దళిత క్రైస్తవుడిగా హోదా పోగొట్టుకున్న మనిషే సంతలో కోందు ఆవిడ దగ్గర పసుపు సగం ధరకి కొనే మనిషి కావచ్చు. సమ్మెలో ముందుండే మిల్లు కార్మికుడే ఇంట్లో భార్యని సంఘ ఎన్నికల్లో నిలబడనివ్వని మనిషి కావచ్చు. నేను మొదట్లో చెప్పిన రెండు లెక్కలు ఇవే. తన బాధ చెప్పుకునే సభకి అందరూ వస్తారు, తన వల్ల పడ్డ బాధ వినే సభకి రావాలంటే మనసు ఒప్పదు. ఈ రెండూ ఒకే హాల్లో, ఒకే రోజు పెట్టగలిగితే అదే సెమినరీ చేయగల పెద్ద పని, ఎందుకంటే అక్కడ ఎవరూ ఓట్లు అడగరు, ఎవరినీ సంఘం నుంచి వెలివేయరు, విని ఆలోచించడమే పనిగా ఉన్న మనుషులుంటారు.

బయటి నుంచి వచ్చే అనుమానం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. ఒడిశాలో 1967లోనే మత స్వేచ్ఛ చట్టం వచ్చింది, దేశంలో మొదటిది, బలవంతంతో గానీ ఆశపెట్టి గానీ మోసంతో గానీ మతం మారిస్తే శిక్ష, ఆడవాళ్ళు మైనర్లు ఎస్సీ ఎస్టీల విషయంలో రెట్టింపు. హైకోర్టు కొట్టేస్తే 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. ఈ వాతావరణంలో సెమినరీ ఏ సభ పెట్టినా పోలీసులు వచ్చి అడుగుతారు, పక్కూరి యువకులు అనుమానంగా చూస్తారు. కంధమాల్ గాయం ఇంకా మానలేదు, 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగాక ఊళ్ళు తగలబడ్డాయి, పదుల మంది చనిపోయారు, వేలమంది అడవుల్లోకి పారిపోయారు, చాలామంది బరంపురం వైపు వచ్చారు. అది హిందూ క్రైస్తవ గొడవగానే అందరికీ గుర్తుంది, కానీ అడుగున భూమి ఉంది, ఎస్టీ హోదా అడిగిన పాణో అనే దళిత కులపు క్రైస్తవులకీ ఆ హోదా వాళ్ళకిస్తే మా వాటా పోతుందనుకున్న కోందులకీ మధ్య రగులుతున్న కోపం ఉంది. ఆ కోపం గురించి ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించే చోట్లు ముందే ఉండుంటే ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు ఆలోచిస్తాను. అనుమానం పోవాలంటే దారి ఒకటే, సభని నిజంగా బహిరంగంగా పెట్టడం. తలుపులు తీసి, ఊళ్ళో సర్పంచిని, గుడి కమిటీ వాళ్ళని, మసీదు పెద్దని పిలిచి, ప్రార్థన చేయించడం ఆ రోజుకి లేకుండా, ఎవరికీ బైబిలు పంచకుండా. క్లౌ దొర పదిహేను నెలలు ఆగాడు, మనం ఒక్క సాయంత్రం ఆగలేమా?

లోపలి నుంచి వచ్చే అభ్యంతరం మాత్రం భక్తితోనే వస్తుంది, దాన్ని తక్కువ చేసి చూడకూడదు. ఆత్మ రక్షణ ముఖ్యం, లోకం సంగతులు ప్రభువు చూసుకుంటాడు అనేవాళ్ళు నా ఇంట్లోనూ ఉన్నారు, వాళ్ళ ప్రార్థనల మీదే మేం పెరిగాం. వాళ్ళకి నేను యాకోబు పత్రిక రెండో అధ్యాయం చూపిస్తాను, బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి సీటు, మాసిన బట్టలవాడికి నేల మీద చోటు ఇస్తే అది పాపం అని నేరుగా ఉంది. కొరింథులో ముందొచ్చిన ఉన్నోళ్ళు తినేసి, పనులు ముగించుకుని ఆలస్యంగా వచ్చిన పేదలు ఆకలితో ఉంటే, అది ప్రభురాత్రి భోజనమే కాదు అన్నాడు పౌలు. ఇవి రాజకీయం కాదు, సంఘంలో ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు అనే లెక్క. మన సంఘాల్లో మాల వరస, మాదిగ వరస, రెల్లి వాళ్ళకి వేరే ప్రార్థన, సమాధుల దొడ్డిలో వేరు వేరు మూలలు, పెళ్ళి సంబంధాల్లో కులం దాటకపోవడం, ఇవన్నీ ఉన్నాయి. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో నంద్యాల బిషప్పుగా పుష్పలలిత గారు 2013లో అభిషేకం పొందారు, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ ఆవిడ, అదే సమయంలో ఎన్నో ఊరి సంఘాల్లో స్త్రీల సమాజం వాళ్ళు వంటకి, కానుకల లెక్కకి మాత్రమే గుర్తొస్తారు. ఊరి అన్యాయం గురించి సభ పెట్టే సెమినరీ తన హాస్టల్లో, తన బోర్డులో ఏ కులం వాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పగలగాలి, లేకపోతే వినేవాళ్ళు నమ్మరు.

చివరిగా భాష. ఇలాంటి సభలు చాలావరకు ఇంగ్లీషులో జరుగుతాయి, మన వైపు ఒడియాలో, పేపర్లు చదువుతారు, టీ తాగుతారు, సర్టిఫికెట్లు ఇస్తారు, ఎవరి గురించి మాట్లాడారో వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉండగా గిడుగు రామమూర్తి పంతులు గారు సవరలతో మాట్లాడటానికి వాళ్ళ భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి బడి పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. ఆయన క్రైస్తవుడు కాదు, ఆయన దారి ఈ సెమినరీలకి సరిపోతుంది. సవర ఆవిడ సవరలో మాట్లాడాలి, దుబాసీ పక్కన కూర్చుని తెలుగులో ఒడియాలో చెప్పాలి, టైము ఎక్కువ పట్టినా పర్లేదు. వక్తకి గంట ఇచ్చి ప్రశ్నలకి పది నిమిషాలు ఇచ్చే పద్ధతి తిరగబడాలి. వచ్చిన ప్రశ్నలు రాసి పెట్టాలి, వచ్చే ఏడాది క్లాసులో అవే అసైన్‌మెంటు కావాలి, విద్యార్థులు సెలవుల్లో ఆ ఊళ్ళలోనే నెల రోజులు ఉండి రావాలి. కుల ధ్రువీకరణకి తహసీల్దారు ఆఫీసులో ఏ కాగితం అడుగుతారు, భూమి పట్టాలో ఎవరి పేరుందో ఎలా చూడాలి, అటవీ హక్కుల దరఖాస్తు గ్రామసభకి ఎలా పెట్టాలి, ఇవి తెలిసిన పాస్టరు గుణుపురం కొండ పల్లెల్లో ఒక్కడున్నా చాలు, ఆ చుట్టుపక్కల పది ఊళ్ళ వాళ్ళు, ఏ మతం వాళ్ళైనా, కాగితం పట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు.